ప్రోటీన్ జ్ఞాపకశక్తి, ఖాజా హస్తవాసి

ఈ మధ్య మా పాత ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అని అడిగారు. చెప్పడం మొదలుపెట్టగానే ఒకమ్మాయి ఫోన్ చూసుకుంది, ఇంకో అబ్బాయి మొహమాటానికి తల ఊపుతూ కూర్చున్నాడు. అందుకే రాస్తున్నాను. రాతలో ఒక సౌకర్యం ఉంది. విసుగొస్తే మీరు పేజీ తిప్పేయవచ్చు, అది నాకు కనబడదు.

నేను ఏ ఏడాది ఏ పోస్టులోకి వెళ్లానో, ఏ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు నిద్రపోయిందో ఇందులో ఉండదు. నాకు కప్పిన శాలువాల సంగతీ ఉండదు. వాటిని చలికాలంలో మా కుక్క వాడుకుంటోంది. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నిజంగా పనికొచ్చేదని నాకు తోచింది ఒక్క సంగతే. అది చెప్పి ఊరుకుంటాను.

పని అసలు ఏమిటి

మేం చేసిన పని సున్నా, ఒకటి అనే రెండు మాటలను ప్రోటీన్‌కు నేర్పడం. మీ ఫోన్‌లో ఫొటో ఉన్నా పాట ఉన్నా లోపల ఉండేవి సున్నాలూ ఒకట్లే. వాటిని ఇప్పుడు సిలికాన్‌లో దాస్తున్నారు. ప్రోటీన్‌లో దాస్తే చోటు తక్కువ పడుతుందని, కరెంటు తక్కువ తింటుందని, పారేస్తే మట్టిలో కలిసిపోతుందని ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. లోకంలో చాలా ల్యాబ్‌లు దాని మీదే బతుకుతున్నాయి. మేమూ బతికాం.

బాక్టీరియాలో జన్యువును మనకు కావలసినట్టు మారిస్తే అది మనకు కావలసిన ప్రోటీన్ తయారుచేసి పెడుతుంది. దాన్ని శుద్ధిచేసి, ఒక జిగురులో కలిపి, బంగారు పూత ఉన్న చిన్న గాజు ముక్క మీద పలచగా పరుస్తాం. పైన వెండి చుక్కలు పెడతాం. ఒక చుక్క దగ్గర ఓల్టేజీ ఇస్తే అక్కడ కరెంటుకు దారి తెరుచుకుంటుంది. అది ఒకటి. తిప్పి ఇస్తే దారి మూసుకుంటుంది. అది సున్నా. స్విచ్ ఆపేసి, కాసేపాగి మళ్లీ అడిగినప్పుడు అదే జవాబు చెబితే దానికి జ్ఞాపకం ఉన్నట్టు. ఈ గాజు ముక్కనే మేం చిప్ అనేవాళ్లం.

ఇది చదివి మీకు ఉత్సాహం వస్తే మంచిదే. రోజువారీ పని మాత్రం వేరు. ఫ్లాస్కులు కడగడం, బాక్టీరియా చచ్చిపోతే మళ్లీ పెంచడం, కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు ఎవరూ తీయకుండా కాపలా కాయడం, కిటికీలోంచి కోతులు దూరకుండా చూసుకోవడం. మా ల్యాబ్ భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట ఉండేది. అక్కడే ఎందుకు కట్టారని చాలామంది అడిగారు. అడవి పక్కనుంటే ప్రోటీన్ అడవిలోనే దొరుకుతుందని ఎవరో పెద్దమనిషి అనుకున్నాడట. మా జన్యువులు కొరియర్‌లో వచ్చేవి. కొరియర్‌వాళ్లు అంత దూరం రామని ఖమ్మంలోనే ఆగిపోతే, మేం బస్సెక్కి వెళ్లి తెచ్చుకునేవాళ్లం.

మా డైరెక్టర్‌గారు

మా డైరెక్టర్‌గారు మంచి మనిషి. ఇది వెటకారం కాదు. మిగతావి కావచ్చు. ఎవరింట్లో శుభకార్యమైనా ముందుండేవారు, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా తన కారు పంపేవారు, ఒకసారి మాటిస్తే తప్పేవారు కాదు. ఆయనకున్న జబ్బల్లా పని పూర్తి కాకముందే దానికి ఫ్లెక్సీ కొట్టించడం.

ల్యాబ్‌లో అడుగుపెట్టగానే గోడంత ఫ్లెక్సీ కనబడేది. "గుప్పెడు ప్రోటీన్‌లో లోకంలోని గ్రంథాలయాలన్నీ" అని దాని మీద. ఆ పక్కన మా డైరెక్టర్‌గారు గుప్పెడు పట్టుకుని నవ్వుతూ ఉంటారు. అప్పటికి మా చిప్ దాచుకోగలిగింది మూడక్షరాలు. అవి కూడా మధ్యాహ్నం భోజనాల దాకా.

చూడ్డానికి వచ్చినవాళ్లు ఫ్లెక్సీ ముందు ఫొటో దిగి వెళ్లిపోయేవారు. చిప్ చూపించమని అడిగినవాళ్లు నాకు గుర్తున్నంతలో చాలా తక్కువ. అది మా అదృష్టమని అప్పట్లో అనుకునేవాళ్లం.

చేతి మహిమ

మేం ల్యాబ్‌కు ఏసీ అడిగితే కూలర్లు వచ్చాయి. ఎందుకని అడగకండి, ఫైళ్ల కథలు చెప్పనని ముందే అన్నాను. వట్టివేళ్ల తడికెలు కట్టిన పెద్ద కూలర్లు. పొద్దున్నే మా అటెండర్ ఖాజా వాటి నిండా నీళ్లు పోసి ఆన్ చేసేవాడు. ఖాజా వాళ్లది ఖమ్మంలో తరాలుగా బట్టలు కుట్టే కుటుంబం. ఇంట్లో కుట్టుమిషన్ వద్దని సర్కారు నౌకరీకి వచ్చిన మొదటి మనిషి అతను.

ఒకసారి ఎండలు ముదురుతుండగా ఖాజా రంజాన్ పండక్కి సెలవు పెట్టాడు. అతను లేనన్నాళ్లూ మా చిప్‌లు దేన్నీ గుర్తుపెట్టుకోలేదు. రాస్తే రాసుకోవు, అడిగితే చెప్పవు. అతను తిరిగొచ్చిన పొద్దుటి నుంచి మళ్లీ బుద్ధిగా చెప్పడం మొదలుపెట్టాయి. తరవాత అతను చెల్లెలి ఇంటికని మధిర వెళ్తే మళ్లీ అదే మతిమరుపు. రాగానే మళ్లీ జ్ఞాపకం.

మేమందరం పెద్ద చదువులు చదివినవాళ్లం. కారణం వెతకాల్సింది పోయి ఆశ్చర్యపడుతూ కూర్చున్నాం. డైరెక్టర్‌గారు మాత్రం కారణం కనిపెట్టేశారు. కొందరు డాక్టర్ల చేతి మందే ఎందుకు పనిచేస్తుందో మీకు తెలుసు కదా, ఇదీ అంతేనన్నారు. ఖాజాను తన గదిలోకి పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టారు.

"నీ హస్తవాసి మంచిదయ్యా ఖాజా. ఇకనుంచి చిప్ చదివే మెషీన్ స్విచ్ నువ్వే వేయాలి."

"నేనేం జేస్త సార్, నీళ్లు పోసుడు, ఊడ్సుడు. గా మెషీన్ జోలికి నేను పోనే పోను."

"చూశారా, ఎంత వినయమో" అన్నారు ఆయన నావైపు తిరిగి.

అప్పటినుంచి ఏ ప్రయోగం చేసినా ఖాజా వచ్చి స్విచ్ వేయాలి. అతను వేస్తే చిప్ పనిచేసేది కూడా. దాంతో అతనికి సెలవులు బందయ్యాయి. ఒకరోజు నా దగ్గరికొచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"మేడమ్, మా అక్క బిడ్డ షాదీ ఉన్నది ఎర్రుపాలెంల. సార్ ఛుట్టీ ఇస్తలేడు. నా చెయ్యి ఒక్కటి ఈడ పెట్టి పొమ్మంటడేమో జర అడుగున్రి."

అడిగాను. "పెళ్లికి ఎవరైనా వెళ్లొచ్చు మేడమ్, స్విచ్ ఎవరు వేస్తారు?" అన్నారు డైరెక్టర్‌గారు. ఖాజా ఆ పెళ్లికి వెళ్లలేకపోయాడు. వాళ్ల అక్క చాలాకాలం అతనితో మాట్లాడలేదు. అప్పుడు మేం నవ్వుకున్నాం కానీ, అందులో నవ్వాల్సింది ఏమీ లేదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ప్రయోగం చెడిపోతే ఎందుకు చెడిపోయిందని ల్యాబ్ మొత్తం అడుగుతుంది. బాగా వస్తే ఎందుకు బాగా వచ్చిందని ఒక్కరూ అడగరు. అడిగేవాళ్లను అశుభం పలికేవాళ్లుగా చూస్తారు.

ఖాళీ చిప్

అడిగింది నాగమణి. ఆమెది దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డు పల్లె. ఇంట్లో కోయ భాష, బడిలో తెలుగు, ల్యాబ్‌లో ఇంగ్లీషు. మూడింటిలోనూ తక్కువే మాట్లాడేది. నా దగ్గర పీహెచ్‌డీకి చేరింది. ప్రోటీన్‌లో కొన్ని చోట్లను మార్చి మార్చి కొత్త రకాలు తయారుచేయడం ఆమె పని. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. ఫెలోషిప్ ఆ ఎండాకాలంతో అయిపోతుంది. అప్పటికల్లా థీసిస్ ఇచ్చేయాలి. డైరెక్టర్ సంతకం లేకపోతే ఆ థీసిస్ మా గేటు దాటదు.

ఒకరోజు రెండు గాజు ముక్కలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. రెండింటి గ్రాఫులూ పక్కపక్కన పరిచింది. రెండూ ఒకేలా ఉన్నాయి.

"ఇది ప్రోటీన్ ఉన్న చిప్ మేడమ్. ఇది లేనిది."

"లేనిదంటే ఏంది?"

"ఉత్త జిగురే. ప్రోటీన్ కలపలే. ఖాళీది గూడ గుర్తువెట్టుకుంటున్నది."

మా ఇన్నేళ్ల పని ప్రోటీన్‌తో సంబంధం లేకుండానే సాగిపోతోందన్నమాట.

"నీకు ఈ ఆలోచన ఎట్ల వచ్చింది?" అని అడిగాను.

"ఖాజా భాయ్ లేనప్పుడే చెడిపోతున్నయ్ గద మేడమ్. ఆయన ఏం జేస్తడు? కూలర్ల నీళ్లు పోస్తడు. గాలిల తడి ఉంటే వెండి జిగురులకు జారి దారి ఏసుకుంటది. దానికి ప్రోటీన్ ఉన్నా లేకున్నా ఒకటే."

మరునాడు కూలర్లు ఆపి చూశాం. రెండు చిప్‌లూ మర్చిపోయాయి. ఈసారి ఖాజాను పిలవకుండా నేనే బకెట్‌తో నీళ్లు మోసి కూలర్ నింపి ఆన్ చేశాను. కాసేపటికి రెండింటికీ జ్ఞాపకం వచ్చింది. అలా నాక్కూడా హస్తవాసి ఉందని ఉద్యోగం చివర్లో తెలిసింది.

ఇద్దరం వెళ్లి డైరెక్టర్‌గారికి చెప్పాం. ఆయన గ్రాఫులు చూడలేదు, మా మొహాలు చూశారు.

"అసలు ఖాళీ చిప్ ఎందుకు చేశారమ్మా? పెళ్లికొడుకు లేకుండా పెళ్లి ఎవరైనా చేస్తారా?"

"పెళ్లికొడుకు లేకున్నా పెళ్లి జరిగిపోతోంది సార్. అదే మా బాధ" అన్నాను.

ఆయన నవ్వలేదు. నవమికి భద్రాచలం కల్యాణానికి హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడని, తిరుగు ప్రయాణంలో మా ల్యాబ్ చూస్తాడని, అప్పటికే మాట ఇచ్చేశానని చెప్పారు. తరవాత నాగమణి వైపు తిరిగి చాలా మెత్తగా అన్నారు.

"ఆ ఖాళీ చిప్ అధ్యాయం ఒక్కటి థీసిస్‌లోంచి తీసెయ్యమ్మా. రేపే సంతకం పెడతాను."

నాగమణి సెలవు పెట్టి ఊరికి వెళ్లింది. తిరిగొచ్చాక ఏమైందని అడిగాను.

"మా నాయనకు చెప్పిన మేడమ్. తెల్సినంక ఎట్ల దాస్తవ్ బిడ్డా అన్నడు. అమ్మ మాత్రం ముందుగాల సంతకం పెట్టిచ్చుకొని రా అన్నది."

"మరి నువ్వేమంటవ్?"

"నాకు సంతకం గావాలె. గానీ గా అధ్యాయం తియ్య."

నాకు ఆ పిల్లను చూస్తే గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. గర్వం ఆమెకు తెలిసేలా చూశాను. భయం దాచుకున్నాను.

పెద్దాయన రాక

నవమి నాటికి ల్యాబ్‌ను పెళ్లివారి ఇల్లులా తయారుచేశారు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. పెద్దాయనకు ఉక్కపోయకూడదని బయటినుంచి ఇంకా కూలర్లు కిరాయికి తెచ్చారు. ఆ తడికి మా కాగితాలు మెత్తబడిపోయాయి. ఆ గదిలో ఇటుక ముక్క పెట్టినా దానికి జ్ఞాపకం వచ్చేలా ఉంది.

కల్యాణం చూసుకుని, తలంబ్రాల పొట్లం జేబులో పెట్టుకుని పెద్దాయన వచ్చాడు. ఏదో కమిటీకి అధ్యక్షుడు. ఏ కమిటీయో అడిగితే ఆయన కూడా పక్కనున్న మనిషి వైపు చూశాడు. కొత్త చొక్కా వేసుకున్న ఖాజా స్విచ్ వేశాడు. చిప్‌లో అంతకుముందు రాసి ఉంచిన "శ్రీరామ" అనే అక్షరాలు తెర మీద వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఈ చిప్ తయారుచేసింది ఎవరు?" అన్నాడు పెద్దాయన.

"మన ఏజెన్సీ ఆడబిడ్డ సార్" అని డైరెక్టర్‌గారు నాగమణిని ముందుకు నెట్టారు. ఆ ఒక్క పనీ చేయకుండా ఉంటే ఆయన గండం గడిచిపోయేది.

నాగమణి ఆ చిప్ తీసి పక్కన పెట్టి, తాను ముందే రాసి ఉంచుకున్న ఇంకో చిప్ అమర్చింది. ఖాజాకు సైగ చేసింది. అతను స్విచ్ వేశాడు. తెర మీద మళ్లీ అవే అక్షరాలు.

"ఇందుల ప్రోటీన్ లేదు సార్" అంది. "ఉత్త జిగురే. గుర్తువెట్టుకునేది ప్రోటీన్ కాదు, ఈ గదిల తడి. కూలర్లు బంద్ చేస్తే రెండూ మర్చిపోతయ్."

డైరెక్టర్‌గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దాయన రెండు చిప్‌లనూ మార్చి మార్చి చూసి, గడ్డం నిమురుకుని అన్నాడు.

"అంటే ప్రోటీన్ కూడా అక్కర్లేదన్నమాట. ఖర్చు ఇంకా తగ్గిందిగా. శభాష్ అమ్మా."

డైరెక్టర్‌గారి మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. "అవును సార్, దీన్ని మేం రెండో తరం అంటున్నాం" అన్నారు. పెద్దాయన తలంబ్రాల పొట్లం విప్పి నాగమణి తల మీద నాలుగు గింజలు వేశాడు. వెళ్తూ వెళ్తూ, కూలర్‌ను జేబులో పట్టేంత చిన్నది చేయగలరేమో చూడమని నాకు సలహా ఇచ్చాడు. ఆ వారంలోనే కొత్త ఫ్లెక్సీ వచ్చింది. "ప్రోటీన్ రహిత ప్రోటీన్ మెమరీ" అని. గుప్పెడు అదే, నవ్వు అదే.

నేను చాలా సభల్లో అబద్ధాలు చెల్లుబాటు కావడం చూశాను. నిజం మొహం మీదే చెప్పినా ఎవరికీ తగలకపోవడం మాత్రం అక్కడే చూశాను.

సంతకం

దీంతో నాగమణి సమస్య తీరిపోయిందని మీరు అనుకుంటున్నారేమో. డైరెక్టర్‌గారు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. సంతకం పెట్టనని కూడా అనలేదు. "చూద్దాం" అన్నారు. మన ఆఫీసుల్లో కాదనడం ఉండదు, చూద్దాం అనడమే ఉంటుంది. చూస్తుండగానే ఫెలోషిప్ అయిపోయింది. నాగమణి సత్తుపల్లిలో ఒక గురుకులంలో టీచరుగా చేరిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన గదికి వెళ్లి అరిచాను. ఆయన మంచినీళ్లు తెప్పించారు.

"నామీద కోపం వద్దు మేడమ్. పనిచేయదని రాస్తే డాక్టరేట్ ఇచ్చేదెవరు? ఎప్పటికైనా ప్రోటీన్ గుర్తుపెట్టుకుని, ఆ ఖాళీది మర్చిపోయిందని చూపించమనండి. ఆ అధ్యాయంతో సహా సంతకం పెడతాను. మాట ఇస్తున్నాను."

ఆయన మాట తప్పే మనిషి కాదు. అలాంటి రోజు రాదని ఆయన ధైర్యం. పనిచేయని దాన్ని పనిచేయదని తేల్చి చెప్పడం కూడా డాక్టరేట్‌కు తగిన పనేనని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే. కానీ నా అభిప్రాయం మీద సంతకం చెల్లదు.

ఈ మాట నాగమణికి ఫోన్‌లో చెప్పాను. ఆ ఆదివారమే బస్సు దిగి నేరుగా ల్యాబ్‌కు వచ్చింది.

"బయటి తడి తీసేసి చూడాలె మేడమ్. ప్రోటీన్ తన తడి తానే పట్టుకునేటట్టు మారిస్తే, ఎండిన గాలిల గూడ వెండి కదలాలె. ఖాళీదానికి గా తడి ఎక్కడిది?"

అప్పటినుంచి ప్రతి ఆదివారం సత్తుపల్లి నుంచి వచ్చి పోయేది. మూత గట్టిగా పట్టే పప్పుల డబ్బా ఒకటి తెచ్చి, దానికి బెజ్జం చేసి తీగలు లోపలికి పెట్టి మైనంతో మూసింది. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే, తేమ పీల్చే చిన్న పొట్లాలు గురుకులం హాస్టల్‌లో అందరినీ అడిగి పోగుచేసి అందులో పోసింది. ఆ డబ్బాలో రెండు చిప్‌లు పక్కపక్కన ఉంచేది. ఒకటి ఆమె మార్చిన ప్రోటీన్‌ది, ఇంకొకటి ఖాళీది. ఒక రకం రాసుకోలేదు. ఇంకో రకం రాసుకుంది కానీ బస్సు టైముకల్లా మర్చిపోయింది. ఒకసారి రెండూ గుర్తుపెట్టుకున్నాయి. నేను సంతోషపడబోతుంటే ఆమె డబ్బా మూత వదులైందని చూపించింది.

ఈలోగా నేను రిటైరయ్యాను. నాగమణి ఆదివారాలు ఆగలేదు. తాళాలు తీయడానికి ఖాజా సెలవు రోజున కూడా వచ్చేవాడట, ఎవరూ చెప్పకుండానే.

ఒక ఆదివారం సాయంత్రం నేను ఇంట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే ఫోన్ మోగింది.

"మేడమ్, పోయిన ఆదివారం రాసి పెట్టి పోయిన చిప్‌ను ఇయ్యాల అడిగిన. రాసింది రాసినట్టు చెప్పింది."

నేను శభాష్ అనలేదు. చేతులకు చింతపండు అంటుకుని ఉంది, ఫోన్ జారిపోతోంది. డబ్బా మూత సంగతి అడిగాను, గట్టిగనే ఉన్నది అంది. లోపలి తేమ అడిగాను, లేదు అంది. ఇక అడగాల్సింది ఒక్కటే మిగిలింది.

"ఖాళీది?" అన్నాను చివరికి.



"ఖాళీది మర్చిపోయింది మేడమ్" అని ఆ పిల్ల భోరున ఏడ్చేసింది. ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడని పిల్ల ఏడుస్తూనే ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పింది. నేనూ ఏడ్చాను. మతిమరుపు గురించి విని అంత సంతోషపడటం నా జన్మలో అదొక్కసారే.